వెనక గది స్విచ్చు

మా అమ్మాయి నన్ను ఫెయిలు చేసింది.

నలభై ఏళ్ళు కరెంటు పని చేశాను. ఈ ఊళ్ళో సగం ఇళ్ళకు తీగలు లాగింది నేనే. అలాంటివాణ్ణి పట్టుకుని, నా సొంత ఇంట్లో, నా సొంత కూతురు, ఆఫీసు కాగితం మీద ముద్ర గుద్ది మరీ ఫెయిలు చేసింది. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. చెప్పడానికే కూర్చున్నాను, మధ్యలో అడ్డు రాకుండా వినండి.

ముందు ఇంటి సంగతి. నాలుగు గదులు, వంటిల్లు, వెనక కాస్త ఖాళీ స్థలం, మేడ మీదికి మెట్లు. గోడలు నా స్నేహితుడు మేస్త్రి కట్టాడు, తీగలు నేను లాగాను. అప్పటికి ఇద్దరికీ మీసాలు కూడా సరిగ్గా రాలేదు గానీ పొగరు మాత్రం బారెడు ఉండేది. కింద నొక్కితే వెలిగి, పైన నొక్కితే ఆరే మెట్ల దీపం ఈ వీధిలో మొదట మా ఇంట్లోనే వెలిగింది. జనం పనిగట్టుకుని చూడ్డానికి వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళందరికీ టీలు పెట్టలేక మా ఆవిడ విసుక్కునేది. "దీపం చూడ్డానికొచ్చి పంచదార డబ్బా ఖాళీ చేస్తున్నారు" అనేది.

మాకు ఒక్కతే కూతురు. కరెంటాఫీసులో ఇన్‌స్పెక్టరు. కొత్త కనెక్షను ఇవ్వాలన్నా, పాతది పేరు మార్చాలన్నా ఆవిడగారు వచ్చి ఇల్లంతా చూసి సంతకం పెట్టాలి. అల్లుడు లెక్కల మాస్టారు, నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ళకు ముగ్గురు పిల్లలు. పెద్దది పదేళ్ళ పిల్ల, తర్వాత మూడేళ్ళ కవలలు. కవలల్ని నేను ఫేజు, న్యూట్రల్ అని పిలుస్తాను. నవ్వకండి, కారణం ఉంది. కరెంటుకు రెండు తీగలుంటాయి. ఫేజు తీగ కరెంటును మోసుకొస్తుంది, ముట్టుకుంటే కొడుతుంది. న్యూట్రల్ తీగ దాన్ని తిరిగి పట్టుకుపోతుంది, దాని మానాన అది ఉంటుంది. మా వాళ్ళిద్దరూ అచ్చం అంతే. ఒకడు కొడతాడు, ఒకడు ఊరుకుంటాడు.

ఈ ఐదుగురూ రెండు గదుల ఫ్లాటులో ఉండేవాళ్ళు. ఒక ఆదివారం మధ్యాహ్నం మేం వెళ్ళేసరికి కవలలిద్దరూ భోజనాల బల్ల కింద పరుపేసుకుని నిద్రపోతున్నారు. పెద్దది ఇస్త్రీ బల్ల మీద పుస్తకాలు పెట్టుకుని, నిలబడి హోంవర్కు చేసుకుంటోంది. అల్లుడు స్నానాల గదిలో స్టూలేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. నాలుగు గదుల్లో మేమిద్దరం, రెండు గదుల్లో వీళ్ళు ఐదుగురా? ఎక్కడైనా ఉందా?

"మీరు మా ఇంటికి వచ్చెయ్యండి, మేం ఇక్కడికి వచ్చేస్తాం" అన్నాను, అక్కడికక్కడే, చెప్పులు కూడా విప్పకుండా.

అమ్మాయి తెల్లబోయింది. "అదేంటి నాన్నా, అందరం కలిసి అక్కడే ఉండొచ్చుగా?"

దానికి మా ఆవిడ అడ్డంగా తలూపింది. "కుదరదమ్మా. నీ ఉప్పు నీది, నా ఉప్పు నాది. ఒక వంటింట్లో మనిద్దరం ఇమడం. ఈ ఫ్లాటు నాకు చాలు. చీపురుతో నాలుగు ఊపులు ఊపితే అయిపోతుంది." తర్వాత నావైపు తిరిగి, "ఈ మాట మీరెప్పుడంటారా అని రెండేళ్ళ నుంచి చూస్తున్నా" అంది.

చూశారా! ఏదో ఘనకార్యం చేశానని ఛాతీ విరుచుకుందామనుకుంటే ఆ పని కూడా ఈవిడ ముందే చేసి పెట్టింది.

సరే, బడులు తెరిచేలోపు ఇళ్ళు మార్చుకోవాలని ఖాయం చేసుకున్నాం. కవలలకూ వాళ్ళక్కకూ వెనక గది అనుకున్నాం. అది మా అమ్మాయి పెరిగిన గది. అంతా బాగానే ఉంది, అప్పుడు పెట్టింది మెలిక.

"మీటరు నా పేరుకు మారాలి కదా నాన్నా. మార్చాలంటే ఇల్లు తనిఖీ చెయ్యాలి. నేనే వస్తా."

"నువ్వెందుకే? మీ ఆఫీసులో ఇంకో ఇన్‌స్పెక్టరు లేడా?"

"ఉన్నాడు. వస్తాడు. గుమ్మంలో నిన్ను చూడగానే 'మాస్టారూ మీ పనికి నేను వంక పెట్టడమా' అని బయటే సంతకం పెట్టి, టీ తాగి పోతాడు. నీ పేరు చూసి కళ్ళు మూసుకుంటారు నాన్నా అందరూ. నేనైతే తెరిచి చూస్తాను. మీటరు నా పేరునే కాబట్టి, రాసేది నేను, సంతకం చేసేది ఆయన. పిల్లలు పడుకునే ఇల్లది."

నాకు ఒళ్ళు మండింది. అయినా పైకి నవ్వాను. "చూసుకో తల్లీ, భూతద్దం కూడా తెచ్చుకో" అన్నాను. లోపల మాత్రం ఒకటే అనుకున్నాను. ఇల్లు ఇవ్వడానికి నాకు బాధ లేదు, నా మనవలకే ఇస్తున్నాను. కానీ ఆ గుమ్మం లోంచి తలెత్తుకుని బయటికి రావాలి. నలభై ఏళ్ళు సంపాదించుకున్న పేరు ఆ గోడల్లో తీగలై ఉంది. దాన్ని ఎవరూ వేలెత్తి చూపకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

తనిఖీ రోజు పొద్దున్నే తలుపు గంట మోగింది. మా అమ్మాయి దగ్గర ఇంటి తాళంచెవి ఉంది. పుట్టింటికొచ్చి గంట కొట్టడం దాని జన్మలో అదే మొదటిసారి. తలుపు తీస్తే రబ్బరు బూట్లు, మెడలో ఆఫీసు కార్డు, భుజాన పరికరాల సంచి. వెనకాల అల్లుడు, చంకలో న్యూట్రల్‌ని ఎత్తుకుని, దొంగతనానికి తోడొచ్చినవాడిలా నిలబడ్డాడు.

"కాంట్రాక్టర్ గారున్నారా?" అంది.

నా కూతురు! నన్ను!

వంటింట్లోంచి మా ఆవిడ పకపకా నవ్వింది. "ఉన్నారమ్మా. ముందు టీ తాగు."

"డ్యూటీలో ఉన్నానమ్మా, తాగను. కాంట్రాక్టర్ గారూ, మెయిను ఎక్కడుందో చూపిస్తారా?"

"నువ్వు పుట్టినప్పటి నుంచీ ఉన్నచోటే ఉందమ్మా" అన్నాను పళ్ళు కొరుక్కుంటూ.

చూడ్డం మొదలుపెట్టింది. అబ్బో, ఏం చూపు! మెయిను బోర్డు మూత విప్పి ఒక్కో మర బిగువు చూసింది. ఎర్తు తీగ నేలలోకి దిగినచోట తవ్వించి మరీ చూసింది. వంటింట్లో స్విచ్చు బోర్డుకు కుళాయి ఎంత దూరమో టేపుతో కొలిచింది. ప్రతి బోర్డులోనూ తీగ చివర చిన్న ఎర్రదారం ముక్క కనిపిస్తోంది. అది నా అలవాటు. ఆ రోజుల్లో తీగలన్నీ ఒకే రంగులో వచ్చేవి. ఏది ఫేజో ఏది న్యూట్రలో తేడా తెలియాలని ఫేజు తీగ చివర ఎర్రదారం రెండు చుట్లు చుట్టి ముడేసేవాణ్ణి. మా ఆవిడ కుట్టు డబ్బాలో ఎర్రదారం ఎప్పుడూ కనపడేది కాదు. దారం చూసి నా పని అని గుర్తుపట్టేవాళ్ళు ఊళ్ళో.

ముందు గది బాగుంది. హాలు బాగుంది. వంటిల్లు బాగుంది. మెట్ల దీపం దగ్గర కాస్త ఆగి, కిందా పైనా నొక్కి చూసి, "పని చాలా శుభ్రంగా ఉందండీ" అని రాసుకుంది. నేను అల్లుడి వంక చూసి కనుబొమలు ఎగరేశాను. ఆయన నవ్వలేక నవ్వాడు.

చివరికి వెనక గది. స్టూలు దీపం కిందికి జరుపుకుని ఎక్కింది.

"స్విచ్చు ఆపండి."

టక్కున ఆపాను. దీపం ఆరింది. బల్బు విప్పి అల్లుడికి అందించింది. టెస్టరు తీసి హోల్డరులో పెట్టింది. ఆరిపోయిన దీపం హోల్డరులో కరెంటు ఉండకూడదు. టెస్టరు వెలగకూడదు.

వెలిగింది.

"స్విచ్చు ఆపారా?" అంది, తల దించకుండానే.

"ఆపాను."

"నిజంగా ఆపారా?"

"కళ్ళు కనపడ్డం లేదా? దీపం ఆరింది కదా!"

"ఆపితే కరెంటు ఎలా వస్తుందండీ?"

ఆ మాటతో నాకు చిర్రెత్తుకొచ్చింది. "నీ టెస్టరు పాడైంది. దిగు" అన్నాను. జేబులోంచి నా టెస్టరు తీశాను. నా మోకాళ్ళు స్టూలెక్కడం మానేసి చాలా కాలమైంది, అయినా ఎక్కాను. అల్లుడు నడుం పట్టుకున్నాడు. పెట్టి చూశాను. నా టెస్టరు కూడా వెలిగింది. చిన్న ఎర్రటి వెలుగు. నా మొహాన ఉమ్మినట్టనిపించింది.

కిందికి దిగి స్విచ్చు పెట్టె మూత విప్పాను. దుమ్ము. తీగలు. దారం ఉంది. రంగు వెలిసి మట్టి రంగుకు తిరిగింది గానీ, ముడి నాదే. ఉండకూడని తీగకు ఉంది. న్యూట్రల్ తీగకు కట్టి, దాన్నే ఫేజు అనుకుని స్విచ్చుకు బిగించేశాను. అలా బిగిస్తే దీపం వెలుగుతుంది, ఆరుతుంది, ఏ తేడా తెలియదు. కానీ ఆరిన దీపం హోల్డరులో కరెంటు కాచుకుని కూర్చుంటుంది. పనిలో చేరిన మొదటి నెల కుర్రాడు చేసే తప్పు. ముప్ఫై అయిదేళ్ళుగా అది నా ఇంట్లో ఉంది.

ఎలా జరిగిందో కూడా గుర్తొచ్చింది. ఆ గది కట్టించింది పుట్టబోయే బిడ్డ కోసం. ఆఖరి స్విచ్చు బిగిస్తున్నాను, మేస్త్రి వీధిలోంచి కేకేశాడు, "ఒరే, మీ ఆవిడకు నొప్పులొచ్చాయి రా!" అని. చేతిలో దారం ఉంది, ఎదురుగా రెండు తీగలున్నాయి. ఏదో ఒకదానికి ముడేసి, బిగించి పరిగెత్తాను. మూడు రోజుల తర్వాత ఇదే ఇన్‌స్పెక్టరుని పొత్తిళ్ళలో పెట్టుకుని వచ్చి స్విచ్చు నొక్కాను. దీపం వెలిగింది. ఇంకేం చూస్తాను? అందరి ఇళ్ళూ టెస్టరు పెట్టి చూసినవాణ్ణి, నా ఇంట్లో పెట్టలేదు. నా పనికి నేను పరీక్ష పెట్టుకోవడమా అన్న పొగరు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఇంకొకటి గుర్తొచ్చింది. మంచం అంచున కూర్చుండిపోయాను.

అమ్మాయికి పన్నెండేళ్ళప్పుడు ఈ గదిలోనే, ఒక చెయ్యి తడి గోడకు ఆనించి బల్బు మారుస్తూ, స్టూలు మీంచి పడింది. చేతికి షాకు కొట్టిందని ఏడుస్తూ వచ్చింది. నేనేమన్నానో తెలుసా? "స్విచ్చు ఆపావా?" అన్నాను. "ఆపాను నాన్నా" అంది. "నిజంగా ఆపావా? ఆపితే కరెంటు ఎలా వస్తుందే? అబద్ధాలొకటి!" అని కసిరాను. ఎండు చెక్క స్టూలు మీద చెప్పులతో నిలబడి నేనే బల్బు మార్చి, "చూశావా, నాకు కొట్టిందా?" అని నలుగురిలో దాన్ని వేళాకోళం చేశాను. అది ఏడుపు మింగేసుకుని నావంక చూసిన చూపు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

అల్లుడు గొంతు సవరించుకుని, "పోనీ, మామయ్యగారు ఇప్పుడే సరిచేసేస్తారు కదా. కాగితం మీదికి ఎక్కించడం దేనికి?" అని గొణిగాడు.

అమ్మాయి కలం పట్టుకుని నావంక చూసింది. రాయనా వద్దా అని అడగడం లేదు. రాస్తుందని నాకు తెలుసు. రాయడానికి ముందు నా మొహం ఎలా ఉందో చూసుకుంటోంది, అంతే.

"ఆ రోజు నువ్వు స్విచ్చు ఆపావు" అన్నాను.

"ఆపాను నాన్నా."

"నేను నమ్మలేదు."

"నమ్మలేదు."

"తప్పు నాది తల్లీ. నీది కాదు. ఇన్నాళ్ళూ నాదే."

అది మంచం మీద నా పక్కన కూర్చుంది, బూట్లతోనే. కాసేపు కాగితం మడతలు సరిచేసుకుంది. "ఆ రోజు నుంచే నాన్నా, ఎవరేం చెప్పినా నమ్మకుండా టెస్టరు పెట్టి చూడ్డం మొదలుపెట్టా. ఆఫీసులో నన్ను చూస్తే అందరికీ మంట. పెద్ద పెద్ద కాంట్రాక్టర్లు తిట్టుకుంటారు. అయినా చూడకుండా ఒక్క సంతకం పెట్టలేదు ఇంతవరకూ."

అప్పుడు నాకేమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్తాను. సిగ్గు ఉంది, తల కొట్టేసినట్టే ఉంది. దాని మీంచి పొంగుకొచ్చింది ఇంకొకటి. నా కూతురు నన్ను కూడా వదల్లేదు! ఊరంతా నా పేరు చూసి కళ్ళు మూసుకుంటే, అది తెరిచి చూసింది. ఎవరి మొహమూ చూడని మనిషిని కన్నాను నేను. కడుపు నిండిపోయింది.

"రాయి" అన్నాను. "గుండ్రంగా, చదివితే అర్థమయ్యేటట్టు రాయి. నా లైసెన్సు నంబరు కూడా వెయ్యి."

రాసింది. ముద్ర గుద్దింది. ఒక కాపీ నా చేతికిచ్చి, "వారంలోగా సరిచేసి తెలియజేయండి, కాంట్రాక్టర్ గారూ" అంది. అప్పుడు బూట్లు విప్పి, మెడలో కార్డు తీసి సంచిలో పడేసి, "అమ్మా, టీ ఏదీ?" అని వంటింట్లోకి వెళ్ళింది.

ఆ కాగితం పట్టుకుని నేను ఊరంతా తిరిగాను. టీ దుకాణంలో నలుగురికీ చూపించాను. "మా అమ్మాయి ఫెయిలు చేసింది, చూడండి" అంటే వాళ్ళకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మేస్త్రి మాత్రం కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివాడు. "ఒరే, ఆ రోజు కేకేసింది నేను కదా. నన్ను కూడా ఫెయిలు చెయ్యమను" అన్నాడు. వాడికి కుళ్ళు, ఇంకేం లేదు.

తప్పు నేనే దిద్దాను. పక్కన మా ఆవిడ స్టూలు పట్టుకుని, "ఇప్పుడు నొప్పులేం లేవు, నిదానంగా బిగించండి" అంటూనే ఉంది. పాత దారం తీసి, కొత్త ఎర్రదారం సరైన తీగకు కట్టాను. వారం తిరక్కుండా అమ్మాయి మళ్ళీ గంట కొట్టుకుని వచ్చింది, ఇల్లంతా మళ్ళీ మొదట్నుంచీ చూసింది, పాసు రాసింది. ఆఫీసులో రెండో ఇన్‌స్పెక్టరు దాని మీద సంతకం పెట్టాడు. తెరిచి చూసే పెట్టాడని విన్నాను.

బడులు తెరిచే ముందు ఆదివారం ఇళ్ళు మార్చుకున్నాం. ఒకే బండి. వాళ్ళ సామాను దింపి, మా సామాను ఎక్కించింది. ఫేజు అప్పటికే మెట్ల దీపం కిందా పైనా నొక్కుతూ పరుగులు పెడుతున్నాడు. న్యూట్రల్ కింది మెట్టు మీద కూర్చుని దీపం వంక నోరు తెరిచి చూస్తున్నాడు. వెనక గదిలో పెద్దది తన పుస్తకాలు ఒక నిజమైన బల్ల మీద సర్దుకుని, కుర్చీలో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుంది. కూర్చుని హోంవర్కు చేసుకోవచ్చని దానికింకా నమ్మకం కుదరలేదు. నేను తలెత్తుకునే గుమ్మం దాటాను. అనుకున్నట్టు కాదు గానీ, ఎత్తుకునే దాటాను.

ఫ్లాటుకు వచ్చాం. మా ఆవిడ గిన్నెలు సర్దుకుంటుంటే నేను టెస్టరు తీశాను.

"అప్పుడే మొదలుపెట్టారా? కూతురి మీద కక్ష తీర్చుకుంటున్నారా?" అంది.

"ఒక్క తప్పు దొరకనీ చెప్తాను. నేనూ కాగితం మీద రాసి పంపిస్తాను" అన్నాను.

ఈ ఫ్లాటు కొన్నప్పుడు తీగలన్నీ మా అమ్మాయి తానే దగ్గరుండి మార్పించుకుంది. నాకు చెప్పను కూడా లేదు. స్విచ్చులన్నీ ఆపి హోల్డరు హోల్డరుకూ టెస్టరు పెట్టాను. ఎక్కడా వెలగలేదు. వదుల్తానా? హాల్లో స్విచ్చు పెట్టె మూత విప్పాను.

ఇప్పుడు తీగలు రంగుల్లో వస్తున్నాయి. ఫేజు ఎరుపు, న్యూట్రల్ నలుపు. గుడ్డివాడు తప్ప ఎవరూ పొరపడరు. దేనికీ గుర్తు కట్టాల్సిన పని లేదు. ఆ పెట్టెలో ఎర్ర తీగ చివర, రెండు చుట్లు చుట్టి, ఎర్రదారం ముడేసి ఉంది. పక్క పెట్టె విప్పాను. అందులోనూ ఉంది. వంటింట్లో విప్పాను. ఉంది.

ఫోను చేశాను. వెనకాల ఫేజు గోల వినిపిస్తోంది.

"ఇన్‌స్పెక్టరు గారున్నారా?" అన్నాను. "ఎర్ర తీగకు ఎర్రదారం ఎందుకండీ?"

"నాకు పని నేర్పినాయన అలాగే కట్టేవాడండీ" అంది. "ఏం, ఫెయిలా?"

మా ఆవిడ గిన్నెల మధ్యలోంచి తల బయటికి పెట్టి, "ఏమండీ, దొరికిందా తప్పు?" అని అడిగింది.

"లేదు" అన్నాను ఇద్దరికీ కలిపి, కళ్ళు తుడుచుకుంటూ. "పాసయింది."

దారం కదలకుండా మూత పెట్టి, మరలు బిగించాను.